పేరుకు యజమాని

పోస్టుమాను వచ్చేసరికి పరంజ్యోతి రెండు చేతులకూ జిగురు అంటుకుని ఉంది. దగ్గుమందు సీసాకు గాట్ల కాగితం అతికిస్తున్నాడు. సన్నటి కాగితం పట్టీని మడిచి, అంచులు కత్తిరించి విప్పితే మెట్లు మెట్లుగా ఆరు గాట్లు వస్తాయి. ఒక్కో గాటు ఒక్కో మోతాదు. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా గాటు చూసుకుని తాగుతారు. ఆ పట్టీ వంకర పోతే మోతాదు వంకర పోయినట్టేనని అతని లెక్క. అందుకే పోస్టుమానును నిలబెట్టి, పట్టీని బొటనవేలితో కింది నుంచి పైకి ఒత్తి, గాలి బుడగ లేదని చూసుకున్నాకే సీసాను కౌంటరు అవతలున్న శివమ్మకు ఇచ్చాడు.

"పొద్దున ఒక గాటు, మాపటికి ఒక గాటు. బాగా ఊపి తాగాల. అడుగున మడ్డి ఉంటాది సూడు, అదే మందు."

"ఊపకుంటే ఏమైతాది నాయనా?"

"పైన నీళ్ళు నువ్వు తాగుతావ్. మందు సీసా తాగుతాది."

శివమ్మ నవ్వుకుంటూ పోయింది. పరంజ్యోతి చేతులు తుడుచుకుని రిజిస్టరు కవరుకు సంతకం పెట్టాడు. నంద్యాల నుంచి, ఆదాయపు పన్ను ఆఫీసు నుంచి వచ్చిన కవరు. లోపల ఇంగ్లీషులో టైపు చేసిన ఒకే ఒక్క కాగితం. మందుల పేర్లు చదివి చదివి అతనికి ఇంగ్లీషు చదవడం బాగానే వచ్చు, కాకపోతే ప్రతి మాటనూ మాత్ర లెక్కపెట్టినట్టు విడివిడిగా చదువుతాడు. వచ్చే సోమవారం పదకొండు గంటలకు లెక్కల పుస్తకాలు, కొనుగోలు బిల్లులు, బ్యాంకు పాసుబుక్కు తీసుకుని స్వయంగా రావాలి. దుకాణంలో పెట్టిన పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. పైన తన పేరు. పేరు పక్కన 'ప్రొప్రైటరు', అంటే యజమాని.

ఆ మాట దగ్గర కాసేపు ఆగాడు.

ఆళ్ళగడ్డలో డాక్టరు మద్దిలేటి రెడ్డి నర్సింగ్ హోముకు వీధి వైపున్న గదే ఆ మందుల షాపు. గోడకు అద్దం కట్టించి వేలాడదీసిన లైసెన్సు పరంజ్యోతిది. ఎందుకంటే ఫార్మసిస్టుగా రిజిస్టరైనవాడు అక్కడ అతనొక్కడే. లైసెన్సు అతనిది కాబట్టి అమ్మకం పన్ను నంబరూ అతనిదే, బ్యాంకు ఖాతా కూడా అతనిదే. ప్రతి శనివారం సాయంత్రం గల్లా విప్పి దుడ్లు తీసుకుపోయేది మాత్రం డాక్టరు. ఒకటో తేదీన పరంజ్యోతికి మూడు వందలు. ఏడాదికొకసారి నంద్యాల నుంచి ఆడిటరు వచ్చి, పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకం పెట్టించుకుని పోతాడు. ఇది పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది. ఆ సంతకాలు మొదలై ఆరేళ్ళు.

కాగితం తీసుకుని లోపలికి పోయాడు. డాక్టరు ఒక రైతు పొట్ట నొక్కి చూస్తున్నాడు. నొక్కే చెయ్యి ఆపకుండానే, "ఏందీ?" అన్నాడు.

"నంద్యాల నుంచి సార్. ఇన్‌కంటాక్సు."

డాక్టరు కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చదివాడు. రైతును చొక్కా వేసుకోమని సైగ చేసి, చేతులు కడుక్కుంటూ అన్నాడు:

"దీనికేం భయపడాకు. నంద్యాలలో మన ఆడిటరు వెంకటేశ్వర్లు ఉండాడు, శనివారం పొయ్యి కలువు. ఏం చెప్పాల్నో ఆయన నేర్పిస్తాడు. నువ్వు చెప్పాల్సింది ఒకటే మాట. షాపు నాది అను. ఎవురడిగినా, ఎట్ల తిప్పి అడిగినా, నాది అను. సాలు."

"నాది అనాల్నా సార్?"

"నీదే గదప్పా! లైసెన్సు ఎవురి పేరు మీద ఉండాది?" అని డాక్టరు నవ్వి తువ్వాలు అందుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి పోయేసరికి ప్రేమకుమారి గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఆమె ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. కాగితం చూపించాడు. ఆమె చదివి, మడిచి, చేటలో బియ్యం పక్కన పెట్టింది.

"ఏమన్నె డాక్టరు?"

"షాపు నాదని చెప్పమన్నె."

"చెప్తావా?"

పరంజ్యోతి వంగి చెప్పులు విడిచాడు. ప్రేమకుమారి ఒక మట్టిబెడ్డ ఏరి వాకిట్లోకి విసిరింది.

"మొన్న మార్చిలో ఇంటి స్థలం కోసరం తాలూకా ఆఫీసుకు పోయింటి. ఆ గుమాస్తా ఏమన్నె? 'మీ ఆయన పన్ను కట్టే ఆసామి గదమ్మా, పేదోళ్ళకిచ్చే జాగా నీకు యాడుంటాది' అన్నె. నా కండ్ల ముందరే ఎర్రసిరాతో నా పేరు కొట్టేసె. నలభై రూపాయల బాడుగింట్లో ఉండే ఆసామివి నువ్వు!"

"తెలుసులే."

"తెలిస్తే ఇను. ఆసామివైతే ఆసామి మాదిరి ఉండు. కాకుంటే కాదని చెప్పు. రెండు పక్కలా నష్టం మనకేనా? ఇంకోటి. ఆడ ప్రమాణం చేపిస్తారంట. ఆదివారమాదివారం సంఘంలో కానుకల లెక్క చదివేది నువ్వు. దేవుని పేరుతో అబద్ధం ఆడొచ్చి మళ్ళా ఆడ ఎట్ల నిలబడి చదువుతావ్?"

"నిజం చెప్తే పని పోతాది."

"పోతే పోతాది," అంది ఆమె. చేట పట్టుకుని లేచి నిలబడి, గొంతు తగ్గించి, "పోకుంటే మేలే అనుకో," అంది.

శనివారం పొద్దున బస్సెక్కి సిరివెళ్ళ మీదుగా నంద్యాల చేరాడు. ఆడిటరు వెంకటేశ్వర్లు ఇల్లూ ఆఫీసూ ఒకటే. ముందు గది నిండా గుడ్డ మూటలు, ఒక్కో మూట ఒక్కో వ్యాపారిది. లావుపాటి మనిషి, ముక్కుపొడి అలవాటు. చిటికెడు పొడి పీల్చి, పరంజ్యోతిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం మొదలుపెట్టాడు.

"షాపు పెట్టేటప్పుడు ఎనిమిది వేలు. యాడివి? నీ భార్య నగలమ్మితే ఐదు వేలు. నీ బామ్మర్ది ఇస్సాకు ఉండాడు గదా, మిడుతూరు కాడ సేద్యం. వాని కాడ అప్పు మూడు వేలు. సేద్యం మీద వచ్చినదానికి పన్ను ల్యా, అడిగేవాడు ల్యా. ఇచ్చినట్టు వాని కాడ ఉత్తరం రాపించుకో."

"ఇస్సాకు నాకే నూట యాభై ఇయ్యాల సార్. ఆ ఉత్తరం రాయమంటే నవ్వుతాడు."

"నవ్వినా రాపించుకో. నగలో?"

"పెండ్లినాడు ఏసిన గొలుసు మెళ్ళోనే ఉండాది సార్. అది తప్ప ఇంకో బంగారం మా ఇంట్లోకి రాల్యా."

"అందుకే అప్పా, అమ్మినాం కాబట్టే లేవు అనాల." ఆడిటరు సంతోషంగా తొడ చరిచాడు. "ఇంక ఇది ముఖ్యం. ఏడాదికి పద్దెనిమిది వేల నాలుగొందలు లాభం. అందులో సొంత వాడకం పద్నాలుగు వేల ఎనిమిదొందలు. అంత దుడ్లు ఏం జేసినావని అడుగుతారు. భార్యకు జబ్బు అను."

పరంజ్యోతి ముందుకు వంగాడు. "పద్దెనిమిది వేలా సార్?"

"నువ్వే గదా సంతకం పెట్టింది."

"పెట్టినా. సదవలేదు."

సిగ్గుతో అన్నాడేమోనని ఆడిటరు తలెత్తి చూశాడు. పరంజ్యోతి ముఖంలో సిగ్గు లేదు. మందు గడువు తేదీ వెతికే చూపుతో ఆడిటరు ముందున్న లెక్కల పుస్తకం వైపు చూస్తున్నాడు.

"ఆ బుక్కులు సోమవారం దాకా నా కాడ ఉండనీ సార్. అడిగితే చెప్పాల గదా."

"బుక్కులు చదివి నువ్వేం చేస్తావ్? నేను పక్కనే కూసోనుంటా. అవును, కాదు. ఆ రెండు మాటలు దాటాకు."

"బిల్లులు నేను తెప్పిచ్చినవే సార్. కొంచిం సూసుకుంటా."

ఆడిటరు విసుక్కుంటూనే ఆరేళ్ళ పుస్తకాలు, బిల్లులు గోనెసంచిలో వేసి కట్టించాడు. ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని పరంజ్యోతి మధ్యాహ్నపు బస్సులో ఆళ్ళగడ్డకు తిరిగి వచ్చాడు. సాయంత్రం యథాప్రకారం డాక్టరు వచ్చి గల్లా విప్పాడు. ఆరోజు పరంజ్యోతి ఆ నోట్లను మొదటిసారి కళ్ళతో లెక్కపెట్టాడు. నాలుగు వందల ముప్పై.

ఆదివారం ఆరాధన అయ్యాక, అన్నం తిని, వసారాలో చాప పరచి పుస్తకాలు విప్పాడు. ప్రేమకుమారి కూడికలు చూసింది, అతను బిల్లులు చూశాడు. కూడికల్లో తప్పు లేదు. తప్పంతా సరుకు లెక్కలో ఉంది. పగిలిపోయిన సీసాలు, గడువు దాటిన మందులు అని నూటికి పన్నెండు చొప్పున ఏటా కొట్టేశారు.

"నూటికి పన్నెండా!" పరంజ్యోతి పుస్తకం మీద అరచేయి పెట్టాడు. పన్ను సంగతి అతనికి పట్టలేదు. చేతకాని కాంపౌండరు సీసాలు జారవిడుచుకుంటాడే, అలాంటి వాడని తన మీద ఎవరో రాసినట్టనిపించింది. "ఆరేండ్లలో నా చేతిలో సీసా పగిలింది యాడ?"

"పగిలినాయని చెప్తేనే గదా పన్ను తగ్గేది."

"తగ్గకున్నా మేలే."

ప్రేమకుమారి చివరి పేజీ దగ్గర వేలు పెట్టి ఆగింది. సొంత వాడకం పేరుతో ఆరేళ్ళకు డాక్టరు తీసుకున్నది కూడి చూసింది. మళ్ళీ కూడింది. మొగుడి ముందుకు కాగితం జరిపింది. అతని మూడు వందల జీతాలన్నీ తీసేసినా అరవై వేలు దాటింది.

వాకిట్లో ఎవరిదో కోడి గీరుతోంది.

"రేపు షాపు ఎవురిదని అడిగితే ఏం చెప్తావ్?" అంది ఆమె.

"తక్కినవన్నీ ఏం చెప్పాల్నో తెలుసు. అదొక్కటే తెలీదు," అన్నాడు పరంజ్యోతి.

సోమవారం పదకొండుకు అయిదు నిమిషాల ముందే ఆదాయపు పన్ను ఆఫీసు వరండాలో ఉన్నాడు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చంకలో గోనెసంచి. ఆడిటరు చెమటలు తుడుచుకుంటూ వచ్చి, "ఉత్తరం తెచ్చినావా ఇస్సాకు కాడ?" అని అడిగాడు. లేదని తల ఊపేసరికి ఆయన ముఖం మాడింది. ఏదో అనేలోపలే లోపలి నుంచి పిలుపు వచ్చింది.

ఆఫీసరు నడివయసు మనిషి. గోదావరి వైపు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చాడు. జలుబు చేసినట్టుంది, మాటిమాటికీ చేతిరుమాలు తీస్తున్నాడు. పరంజ్యోతి చేత ప్రమాణం చేయించి, ఆడిటరు నోరు విప్పబోతుంటే చెయ్యెత్తాడు.

"మీరు కూర్చోండి. ఈయన్నే అడుగుతాను."

సంచిలోంచి చేతికొచ్చిన బిల్లు ఒకటి లాగాడు. కర్నూలు హోల్‌సేలు వాళ్ళది. "ఇందులో సరుకు మీద మీకు మిగిలేదెంత?"

పరంజ్యోతి బిల్లును చూడకుండానే తేదీ అడిగాడు. ఆఫీసరు చెప్పాడు.

"అది వానకాలం సరుకు సార్. జ్వరం మాత్రలే ఎక్కువ. నూటికి పదహారు మిగులుతాది. టానిక్కుల మీద కొంచిం ఎక్కువ, సూదిమందుల మీద తక్కువ. ఆ బిల్లులో నాలుగో వరస కండ్ల మందు ఉంటాది. అది ఇరవై నాలుగు రాసినారు గానీ ఇరవై రెండే వచ్చినాయి. పక్కన నేను రాసింటా."

ఆఫీసరు చూశాడు. పక్కన చిన్న అక్షరాల్లో రాసే ఉంది. చేతిరుమాలు జేబులో పెట్టుకుని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆ తర్వాత అరగంటసేపు ఒకటి తర్వాత ఒకటి అడిగాడు. పరంజ్యోతి తడుముకోలేదు. రోజూ కౌంటరు వెనక నిలబడి చెప్పే మాటలే ఇక్కడ కూర్చుని చెబుతున్నట్టు చెప్పాడు.

"పగిలినవీ, గడువు దాటినవీ నూటికి పన్నెండు రాశారు."

"నూటికి రెండు దాటదు సార్."

బల్ల కింద ఆడిటరు కాలు వచ్చి అతని కాలికి తగిలింది. పరంజ్యోతి కాలు వెనక్కి తీసుకుని, మాట మాత్రం ముందుకే నడిపాడు.

"సీసాలు గడ్డిలో చుట్టి పార్సిల్లో వస్తాయి. నేనే విప్పుతా. ఒక్కసారి మాత్రం బస్సు మీదినుంచి పార్సిలు కింద పడె. గడువు దగ్గరకొచ్చిన మందులు మూడు నెలల ముందే తిప్పి పంపిస్తా. అవి బీరువాలో ఉంటే నాకు నిద్ర పట్టదు."

"అంటే లాభం ఇంకా ఎక్కువని మీరే చెబుతున్నారు. పన్ను పెరుగుతుంది."

"పెరుగుతాది సార్."

"తెలిసే అంటున్నారా?"

"పదిహేనేండ్లుగా మందు కొలుస్తాండా సార్. రెండును పన్నెండు అనేదానికి నోరు రాల్యా."

ఆఫీసరు ఏదో రాసుకున్నాడు. పుస్తకంలో ఇంకో పేజీ తిప్పాడు.

"సొంత వాడకం ఏడాదికి పద్నాలుగు వేల ఎనిమిది వందలు. మీరేమో నలభై రూపాయల ఇంట్లో ఉంటున్నారు. స్కూటరు లేదు, పొలం లేదు. భార్యకు ఉద్యోగం ఉంది. ఈ డబ్బంతా ఎక్కడికి పోతోంది?"

ఆడిటరు గొంతు సవరించుకున్నాడు. "ఆయన భార్యకు ఒంట్లో..."

"నా భార్యకు ఏ జబ్బూ ల్యా సార్," అన్నాడు పరంజ్యోతి. "నెలకు మూడొందలు ఇంటికి తీసుకుంటా. తక్కినదంతా డాక్టరు మద్దిలేటి రెడ్డి సార్ కు ఇచ్చినా."

"ఎందుకు?"

"షాపు పెట్టేటప్పుడు ఆయన ఎనిమిది వేలు ఇచ్చినారు. గది ఆయనది. వారం వారం వచ్చి తీసుకుంటారు, నేను కాదన్లేదు."

ఆడిటరు కళ్ళు మూసుకున్నాడు. గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. ఆఫీసరు కలం పక్కన పెట్టి, రెండు చేతులూ బల్ల మీద ఆనించి, ఇప్పటిదాకా అడిగిన గొంతుతో కాక నిదానంగా అడిగాడు.

"పరంజ్యోతి గారూ. ప్రమాణం చేశారు, గుర్తుంచుకోండి. ఈ షాపు మీదా, ఆయనదా?"

పరంజ్యోతి బల్ల మీది పుస్తకాల వైపు చూశాడు. ఆయనది అంటే ఆరేళ్ళుగా తను పెట్టిన సంతకాలన్నీ అబద్ధం. నాది అంటే ఈ నిమిషం దాకా అదీ అబద్ధమే. అయితే, అబద్ధం ఎక్కడుంది? తలుపు తీసేది తను. మందు తెప్పించేది, కొలిచేది, తప్పొస్తే జైలుకు పోవలసింది తను. అమ్మకం పన్ను వాళ్ళు తననే ఆసామి అన్నారు. తాలూకా ఆఫీసు గుమాస్తా ఎర్రసిరాతో పేరు కొట్టేసి మరీ అన్నాడు. ఇప్పుడు ఈయనా అదే అడుగుతున్నాడు. ఇన్నాళ్ళుగా ఆ మాట మనస్ఫూర్తిగా అననివాళ్ళు ఇద్దరే. ఒకరు డాక్టరు, రెండోవాడు తను. ఇద్దరిలో ఒకడు అంటే చాలు, అది నిజమవుతుంది. అన్న తర్వాత నిజంగానే నిలబెట్టుకోవాలి, అంతే.

"నాది సార్," అన్నాడు.

"పెట్టుబడి ఆయనదన్నారు."

"అప్పు సార్. నోటు రాసుకోలేదు గానీ, నేను తీర్చాల్సిందే."

"ఆయన తీసుకున్నది దానికి ఎన్నో రెట్లుంది."

"నిన్ననే కూడి చూసినాం సార్."

ఆఫీసరు పెదవి చివర నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది. "సరే, వినండి. రేపెవరైనా ఈ షాపు అసలు నాదే, ఈయన పేరు వాడుకున్నానంతే అని కోర్టుకు పోవాలంటే, అంతకు ముందే మా దగ్గర ఆ సంగతి చెప్పి ఉండాలి. ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మీరొక్కరే నాదని చెప్పారు. అర్థమైందా?"

"అయింది సార్."

"మీరిచ్చిన డబ్బు ఏమిటని డాక్టరు గారికి ఒక ఉత్తరం రాస్తాను."

వాంగ్మూలం తెలుగులో రాయించి చదివి వినిపించారు. ఒకచోట నూటికి మూడు అని ఉంటే, రెండు అని పరంజ్యోతి దిద్దించాడు. సంతకం పెట్టేముందు మొత్తం కాగితం మళ్ళీ ఒకసారి తనే చదువుకున్నాడు. పెరిగిన పన్ను ఆరు వందల చిల్లర వస్తుందని ఆఫీసరు చెప్పాడు.

వరండాలోకి రాగానే ఆడిటరు విరుచుకుపడ్డాడు.

"ఏం పని జేసినావప్పా! నేను నేర్పిచ్చిందేంది, నువ్వు కక్కిందేంది!"

"షాపు నాదని చెప్పమన్నారు సార్. చెప్పినా."

"చెప్పడమంటే చెప్పడం అప్పా! నిజంగా చెప్తారా ఎవురన్నా?"

వీధి చివర టీకొట్టు దాకా తిట్టుకుంటూనే వచ్చాడు. టీ సగం తాగేసరికి తిట్లు ఆగిపోయాయి. ఆయన పని ఆయనకు బాగా తెలుసు. కోపం పోయి లెక్క మొదలైంది. ముక్కుపొడి పీల్చి, చిటికెన వేలితో బల్ల మీద గీతలు గీశాడు.

"డాక్టరుకు జాబు పోతాది. ఆ దుడ్లు ఏందని అడుగుతారు. షాపు లాభమంటే, ఆరేండ్ల నుంచి దాచినందుకు తోలు ఒలుస్తారు. అట్ల అనకూడదు. అప్పు వసూలనాల. మిగిలింది గది బాడుగ అనాల. ఇంకో దారి ల్యా."

"బాడుగ తీసుకునేవాడు షాపు ఓనరు కాదు గదా సార్?"

"కాదు." ఆడిటరు గ్లాసు దించి అతని వైపు తేరిపార చూశాడు. "ఇదంతా ముందే ఆలోచించినావా నువ్వు?"

"ల్యా సార్. మీరు చెప్తాంటే తెలుస్తాంది."

ఆడిటరు కాసేపు అలాగే చూసి, పెద్దగా నవ్వాడు. టీ దుడ్లు పరంజ్యోతిని ఇవ్వనివ్వకుండా తనే ఇచ్చాడు. "నేను ఫోన్ చేసి చెప్తాలే ఆయనకు. రేపు పొద్దున పో. తొందరపడాకు, కోపం దిగనీ," అన్నాడు.

మంగళవారం పరంజ్యోతి మామూలు వేళకే షాపు తీశాడు. బల్ల తుడిచి, తక్కెడ తుడిచి, వచ్చినవాళ్ళకు మందులిచ్చాడు. పది గంటలప్పుడు నర్సు కమలమ్మ వచ్చి, "సార్ రమ్మంటాండాడు," అంది. ఆమె ముఖం చూస్తే లోపల గాలి ఎలా ఉందో తెలిసింది.

డాక్టరు రోగులను బయట ఉంచి తలుపు వేయించాడు. అరవలేదు. ఆయన అరవకపోవడమే కమలమ్మను భయపెట్టి ఉంటుంది.

"నేను రోడ్డు మీద ఉన్నోన్ని పిలిచి పని ఇస్తి నీకు."

"ఇచ్చినారు సార్. మరచిపోలేదు."

"నాది అనమంటి. నా పేరు ఎవురు చెప్పమన్నారు?"

"అడిగినారు సార్. లేని జబ్బు నా భార్య మీద పెట్టలేకపోతి."

"ఈ పొద్దే నీ లైసెన్సు తీసుకొని పో. ఇంకొకన్ని పెట్టుకుంటా."

పరంజ్యోతి ఈ మాట వస్తుందని బస్సులో అనుకున్నాడు, ఇంట్లో అనుకున్నాడు. ఇప్పుడు విన్నాక అనుకున్నంత బరువు లేదు.

"పోతా సార్, మీ గది మీది. బస్టాండు ఎదురుగ్గా ఒక గది ఖాళీగా ఉండాది, నిన్న వచ్చేటప్పుడు సూసినా. సరుకు నాతో వస్తాది. అది నాదని రాసిచ్చిన కాగితం నంద్యాలలో ఉండాది. మీరు ఇంకొకన్ని పెట్టుకుంటే వానికీ పెట్టుబడి యాడిదని అడుగుతారు. ఆ ఆఫీసరు ఇంకా మూడేండ్లు ఉంటాడంట."

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. మెడలోని స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టాడు. ఎదుటి మనిషిని కొత్తగా వచ్చిన రోగిని చూసినట్టు, ఎక్కడ నొప్పో తెలియనట్టు చూస్తున్నాడు.

"నేను పోతానని రాలేదు సార్," అన్నాడు పరంజ్యోతి. "మీ చీటీ నేను చదివినట్టు ఇంకొకడు చదవలేడు. మీకు తెలుసు. మోతాదు తప్పు పడినప్పుడు ఎన్నిసార్లు లోపలికొచ్చి అడిగినానో మీకే తెలుసు. నేను ఈడనే ఉంటా. మీ ఎనిమిది వేలు తీరిందో ల్యాదో మీరే చెప్పండి. తీరలేదంటే నెల నెలా కడ్తా."

తీరలేదని అనడానికి డాక్టరుకు నోరు రాలేదు. ఇంకేం ఇవ్వనక్కర్లేదన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు.

"అయితే గదికి బాడుగ ఎంత ఇయ్యాల్నో చెప్పండి సార్. అయిదో తేదీ లోపల ఇస్తా. రసీదు కావాల."

తలుపు అవతల ఎవరో పసిబిడ్డ ఏడుస్తోంది. తల్లి జోకొడుతోంది. డాక్టరు ఆ ఏడుపు వింటున్నట్టు కాసేపు తల పక్కకు పెట్టి ఉండి, చివరకు స్టెతస్కోపు మళ్ళీ మెడలో వేసుకున్నాడు.

"నూట నలభై," అన్నాడు.

"ఊర్లో ఇంతపాటి గదికి నూట ఇరవై ఇస్తాండారు సార్."

"నూట ముప్పై. ఇంక మాట్లాడాకు. కరెంటు బిల్లు నువ్వే కట్టుకోవాల."

"కరెంటు బిల్లు ఆరేండ్ల నుంచీ నా పేరు మీదనే వస్తాంది సార్," అన్నాడు పరంజ్యోతి. "దాన్ని మార్చే పనిల్యా."

బయట కౌంటరు మీద ఎవరో రూపాయి బిళ్ళతో టకటకా కొడుతున్నారు. "వస్తాండా, వస్తాండా" అంటూ తలుపు తీసుకుని వెళ్ళాడు.